మా చెల్లి పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని వెతికిన అనుభవం

పోయిన మాఘంలో మా చెల్లి పెళ్లి చేశాం. అంబాజీపేట దగ్గర మా ఊళ్లోనే, ఇంటి ముందు పందిరి వేసి, రాత్రి రెండు దాటాక ముహూర్తం. పందిరి, వంటవాళ్లు, సారె, మేళం అన్నీ నాన్నా బాబాయీ పంచుకున్నారు. ఫొటోలూ వీడియో మాత్రం "నువ్వు చూసుకో అమ్మాయ్" అని నాకు వదిలేశారు. నేను కూడా అడిగి మరీ తీసుకున్నాను, ఎందుకంటే అంతకుముందు మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో జరిగింది నాకింకా గుర్తుంది.

ఆ రోజు పెద్ద ముహూర్తం, ఊరూరా పెళ్లిళ్లే. అడ్వాన్స్ తీసుకున్న ఆయన ఇంకో పెళ్లికి వెళ్లిపోయి, మా దగ్గరికి ఇద్దరు కుర్రాళ్లని పంపించాడు. వాళ్ల తప్పేం లేదు, పాపం, వాళ్లకి ఎవరు పెళ్లికూతురి మేనమామో, ఎవరు పెదనాన్నో కూడా ఎవరూ చెప్పి పంపలేదు. తెర దించే టైముకి ఒకడు బ్యాటరీ మార్చుకుంటున్నాడు, రెండోవాడు వీడియోవాళ్ల వెనకాల ఇరుక్కుపోయాడు. తర్వాత పంతులుగారిని బతిమాలి, జీలకర్ర బెల్లం మళ్లీ తలమీద పెట్టించి తీశారు. ఆల్బమ్‌లో ఉన్నది ఆ ఫొటోనే. అందులో అక్కా బావా ఇద్దరూ కెమెరా వైపు చూస్తున్నారు. ఇక మా తాతయ్య, పొద్దుటి నుంచీ పట్టుపంచె కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లందరినీ పలకరించిన మనిషి, ఆయనది ఆ మొత్తం ఆల్బమ్‌లో ఒక్క మంచి ఫొటో లేదు. భోజనాల దగ్గర పక్కనుంచి సగం మొహం పడింది, అంతే. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు. పెద్దమ్మ ఇప్పటికీ ఆ సగం మొహాన్నే పెద్దది చేయించి గోడకి పెట్టుకుంది.

అందుకని చెల్లి పెళ్లికి నాకు కావాల్సింది ఏంటో ముందే తెలుసు. మన తంతు తెలిసి, మన మనుషుల్ని చూసే కళ్లున్నవాళ్లు కావాలి. మిగతావన్నీ తర్వాత.

శ్రావణంలో తాంబూలాలు అయ్యాయి, భాద్రపదంలో వెతకడం మొదలుపెట్టాను. ఇది అనుకోకుండా బాగా కలిసొచ్చింది. భాద్రపదంలో మన దగ్గర పెళ్లిళ్లు ఉండవు కాబట్టి స్టూడియోల్లో అందరూ తీరిగ్గా ఉంటారు, కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడతారు, అడిగినవన్నీ చూపిస్తారు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో కూడా అంతే. అదే వైశాఖంలోనో కార్తీకంలోనో ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు ఫోన్ చేస్తే, వాళ్లు ఇంకో పెళ్లి పందిట్లోంచి "రేటు వాట్సాప్ చేస్తానండి" అనేసి పెట్టేస్తారు. వాళ్లననడానికి లేదు, నిద్ర లేక కళ్లు మండుతుంటాయి వాళ్లకి. ఇంకోటి, మాఘంలో మంచి ముహూర్తాలు నాలుగైదు తేదీల్లోనే పడితే జిల్లా అంతా ఆ తేదీలకే ఎగబడుతుంది. తేదీ అనుకున్న వెంటనే ఫొటోగ్రాఫర్‌ని చూసుకోవాలి, వంటవాళ్ల కంటే ముందు.

మొదట్లో అందరిలాగే ఇన్‌స్టాగ్రామ్ తిరగేశాను. అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి, ఎవరి పేజీ చూసినా ఒకేలా ఉంది. దిండిలో పడవ మీద జంట, కొబ్బరిచెట్ల మధ్యలోంచి సూర్యాస్తమయం, పెళ్లికూతురు వాలుజడ వెనక నుంచి, తలంబ్రాలు గాల్లో. అన్నీ బాగున్నాయి, అదే ఇబ్బంది. యాభై పెళ్లిళ్లు చేసినవాళ్లు యాభై మంచి ఫొటోలు ఏరి పెట్టుకుంటే ఎవరిదైనా బాగానే ఉంటుంది కదా. వాటిల్లో సగం పగటి వెలుతురులో, జంటని నిలబెట్టి తీసినవి. మాది రాత్రి ముహూర్తం, పందిట్లో, హోమం పొగలో, ఐదొందల మంది మధ్యలో.

కాబట్టి ఎక్కడికెళ్లినా ఒకటే అడిగాను. "రాత్రి ముహూర్తం పెళ్లి ఒకటి, మీరు వాళ్లకిచ్చిన ఫొటోలన్నీ మొదటినుంచి చివరిదాకా చూపించండి. ఏరినవి వద్దు." ఇది అడగ్గానే మనిషి ఎలాంటివాడో సగం తెలిసిపోతుంది. ఒకాయన "అలా చూపించం మేడమ్, పేజీ చూడండి" అన్నాడు, సరే అని వచ్చేశాను. ఇంకొకాయన ఆల్బమ్ తెచ్చి పెట్టాడు. ఆల్బమ్ కూడా ఏరిందే. భీమవరంలో ఒకరూ, అంబాజీపేటలో ఒకరూ మాత్రం వాళ్ల కస్టమర్‌కి ఫోన్ చేసి అడిగి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫోల్డర్ తెరిచారు. ముందు అనుమతి అడిగారు చూడండి, అది నాకు నచ్చింది. రేపు మా ఇంటి ఫొటోలు కూడా ఎవరికి పడితే వాళ్లకి చూపించరు కదా.

ఫోల్డర్‌లో నేనేం చూశానో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడే తేలిపోయింది అంతా.

ముందు మధుపర్కాలు చూశాను. తెల్ల బట్ట, ఎర్రంచు. రాత్రి పూట ఎదురుగా ఫోకస్ లైటు కొడితే తెల్ల బట్ట మొత్తం తెల్లగా పేలిపోయి సున్నం కొట్టిన గోడలా వస్తుంది, మడతలు కనపడవు, నేత కనపడదు. ఫొటో పెద్దది చేసి పెళ్లికొడుకు భుజం మీద ఉత్తరీయం చూడండి. అక్కడ మడత నీడ కనిపిస్తుంటే ఆయనకి లైటు మీద పట్టుందని అర్థం. అంబాజీపేట ఆయన ఫొటోల్లో ఉత్తరీయానికి పసుపు అంటిన చోట మరక కూడా కనిపించింది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత మొహాలు. కొందరు ఎడిటింగులో చర్మం ఎంత నున్నగా చేస్తారంటే పెళ్లికూతురి బుగ్గచుక్క పోతుంది, పసుపు రాసుకున్న మొహం గులాబీ రంగులోకి వచ్చేస్తుంది. మంగళస్నానం చేసి వచ్చిన పిల్ల మొహం పసుప్పచ్చగానే ఉండాలి. చామనఛాయ పిల్లని తెల్లగా చేసేసినవాళ్లని నేను అక్కడికక్కడే వద్దనుకున్నాను. మా చెల్లి చామనఛాయ. దాని పెళ్లి ఫొటోలో అదే ఉండాలి.

తర్వాత వరస చూశాను. ఫొటోల కింద టైము ఉంటుంది. తెర పట్టుకున్నప్పటి నుంచి జీలకర్ర బెల్లం పెట్టేదాకా వరసగా ఎన్ని ఫొటోలున్నాయి, ఎక్కడి నుంచి తీశారు, మధ్యలో ఖాళీ ఉందా? మన పెళ్లిలో అసలు ముహూర్తం ఆ క్షణమే. తెర దిగడం, ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూడడం, చేతులు తలమీద ఉండడం, మేళం ఒక్కసారి పెరగడం, అక్షింతలు మీద పడడం, అన్నీ కలిపి కొద్ది సెకన్లు. ఒకరి ఫోల్డర్‌లో ఆ చోట అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే, ఇద్దరి పక్క మొహాలూ సగం సగం. అంబాజీపేట ఆయన దగ్గర ఒకటి పెళ్లికూతురి వైపు నుంచి, ఒకటి పెళ్లికొడుకు వైపు నుంచి, ఇంకొకటి వెనక అమ్మా నాన్నల మొహాలు వచ్చేలా ఉన్నాయి. అంటే ఆ క్షణానికి ముగ్గురు మనుషుల్ని ముందే చోట్లలో నిలబెట్టాడన్నమాట. ఇది అప్పటికప్పుడు తట్టేది కాదు, తంతు తెలిసుండాలి.

చివరగా ముసలివాళ్లని లెక్కేసుకున్నాను. అంబాజీపేట ఆయన చూపించిన ఆ పెళ్లి వాళ్లెవరో నాకు తెలీదు, కానీ ఫోల్డర్ చూస్తే వాళ్లింట్లో ఒక మామ్మగారున్నారని, ఆవిడ మనవరాలికి గోరింటాకు పండిందో లేదో చూసుకుందని, అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే ఆవిడ ఏడవకుండా గుమ్మం పట్టుకుని నిలబడిందని నాకు తెలిసింది. ఫొటోలు చూసి తెలీని ఇంటి సంగతి నాకు తెలిసిందంటే ఇంకేం కావాలి.

ఆయన స్టూడియో గోడ మీద జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫొటో ఒకటి ఉంది. కనుమ రోజు గంగలకుర్రు ప్రభ, అంటే దేవుణ్ణి పెట్టి జనం భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన కట్టడం, కౌశిక కాలువలో దిగి దాటుతున్నప్పుడు తీసింది. అది చూసినవాళ్లకి తెలుస్తుంది, ఆ జనంలో కాలువ గట్టు మీద కాలు ఆనడమే కష్టం, మోసేవాళ్లు ఎవరి కోసం ఆగరు, "ఇంకోసారి అండి" అనడానికి వీల్లేదు. ఆ ఫొటోలో ముందు వరసలో మోస్తున్న కుర్రాడి మెడ నరాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. నాకు ఇన్‌స్టాగ్రామ్ పేజీల కంటే ఆ ఒక్క ఫొటో ఎక్కువ నమ్మకమిచ్చింది.

అయినా అప్పుడే ఖాయం చేయలేదు, రేట్ల సంగతి తేలాలి. ఒకరు 80 వేలు చెప్పారు, రాజమండ్రి నుంచి ఒకరు రెండు లక్షల పైన చెప్పారు, మిగతావాళ్లు మధ్యలో. పైపైన చూస్తే ఏది ఎక్కువో ఏది తక్కువో అస్సలు అర్థం కాదు, ఎందుకంటే ఒక్కొక్కరి ప్యాకేజీ ఒక్కోలా ఉంటుంది. ఒకరి దాంట్లో మామూలు ఫొటో, మామూలు వీడియో, క్యాండిడ్ ఫొటో (నిలబెట్టకుండా మన మానాన మనం ఉన్నప్పుడు తీసేది), సినిమాటిక్ వీడియో (సినిమాలా కూర్చేది), వీటికి నలుగురు మనుషులు. ఇంకొకరి దాంట్లో ఇద్దరే, డ్రోన్ కలిపి. ఒకరు పెళ్లికూతుర్ని చేసేది కలిపి చెప్తారు, ఒకరు అది వేరే అంటారు. అన్నవరంలో వ్రతం వేరే. ఎల్‌ఈడీ స్క్రీన్, లైవ్ వేరే. రిజిస్టర్ అయిన స్టూడియో అయితే దాని మీద 18 శాతం జీఎస్టీ, అది కలిపి చెప్పారో లేదో అడగాలి. ఆల్బమ్ దగ్గర ఇంకా తికమక. 12 బై 36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ అంటారు, 40 షీట్లు అంటారు, ఇంకొకరు 80 పేజీలు అంటారు, రెండూ ఒకటే. విప్పితే పరుచుకునేది ఒక షీటు, అంటే రెండు పేజీలు. 60 పేజీలు చెప్పినవాళ్లది 40 షీట్ల కంటే చిన్న ఆల్బమ్ అని అప్పటికప్పుడు తట్టదు. నేను ఒక కాగితం మీద గీతలు గీసుకుని, ఎంతమంది వస్తారు, ఏయే కార్యక్రమాలకి, ఎన్ని షీట్లు, ఎప్పటికిస్తారు అని పక్కపక్కనే రాసుకున్నాక గానీ బొమ్మ కనపడలేదు.

ప్రీ వెడ్డింగ్ షూట్ వద్దనుకున్నాం. చెల్లికి పెద్ద సరదా లేదు, పెళ్లికొడుకు వాళ్లూ అడగలేదు. ఆ డబ్బుతో పెళ్లి రోజు ఇంకో క్యాండిడ్ మనిషిని పెట్టమన్నాను, అమ్మ వైపూ నాన్న వైపూ చుట్టాల కోసమే. డ్రోన్ కూడా మానేశాం. రాత్రి పూట కొబ్బరిచెట్ల మధ్య దానికి కనపడేదేం లేదు, పైగా 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని వ్యాపారానికి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ ఉండాలని 2021 డ్రోన్ రూల్స్ చెప్తున్నాయి. అది ఉందా అని అడిగితే ఇద్దరు మాట దాటేశారు.

అంబాజీపేట ఆయనతో రెండోసారి కూర్చున్నప్పుడు ఆయనే నన్ను ప్రశ్నలు అడిగాడు. "పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చేది మేనమామలేనాండి, ఎంతమంది? గౌరీపూజ లోపల గదిలోనా, ఆ గదికి కిటికీ ఏ వైపు? కాళ్లు కడిగేటప్పుడు పళ్లెం ఎవరు పట్టుకుంటారు? స్నాతకం విడిదింట్లోనా? మీ పంతులుగారు ఎవరండి?" పంతులుగారి పేరు చెప్పగానే "ఆయ్, ఆయనైతే పర్లేదండి, ముహూర్తం ఒక్క నిమిషం అటూ ఇటూ పోనివ్వరు, మనమే ముందు సర్దుకోవాలి" అన్నాడు. మిగతా ఏ స్టూడియోలోనూ నన్నెవరూ ఇవి అడగలేదు. ప్యాకేజీ చెప్పి అడ్వాన్స్ ఎంతో చెప్పారు. నాన్నకి ఈ మాటలు చెప్పాను. "అడిగే మనిషే మనకి కావాల్సిందమ్మా, ఖాయం చేసెయ్" అన్నారు.

ఖాయం చేసే ముందు అన్నీ రాయించుకున్నాను. స్టాంప్ పేపర్లేం లేవు, వాట్సాప్‌లో ఒక పెద్ద మెసేజ్, ఆయన "ఓకే అండి, అన్నీ కరెక్టే" అని జవాబు ఇచ్చాడు. అందులో మొట్టమొదటిది, ముహూర్తానికి మీరే స్వయంగా ఉంటారు, అదే తేదీకి ఇంకో పెళ్లి ఒప్పుకోరు. ఒకవేళ ఒళ్లు బాగోక రాలేకపోతే ఎవరొస్తారో వాళ్ల పని నాకు ముందే చూపించాలి. రెండోది కెమెరాలో ఫొటోలు దాచే మెమరీ కార్డుల సంగతి. సోనీ ఆల్ఫా 7 త్రీ, కానన్ ఆర్6 లాంటి కెమెరాల్లో రెండు కార్డులు పడతాయి, తీసిన ప్రతి ఫొటో రెండిట్లోనూ ఎక్కేలా పెట్టుకోవచ్చు. కానన్ ఈఓఎస్ ఆర్ లాంటి వాటిలో ఒక్కటే పడుతుంది, కార్డు పాడైతే పెళ్లి పోయినట్టే. ముహూర్తం తీసే కెమెరాలన్నీ రెండు కార్డులవే ఉండాలన్నాను, ఆయన నవ్వి "నేనూ ఒకటే కార్డుతో తియ్యనండి" అన్నాడు. డబ్బు మూడు భాగాలు, కొంత అడ్వాన్స్, కొంత పెళ్లి రోజు, మిగతాది ఆల్బమ్ చేతికొచ్చాక. ఆ చివరి భాగం తక్కువలో తక్కువ పావు వంతైనా ఉంచుకోండి. ఆల్బమ్ కోసం ఏడాది పాటు తిరిగినవాళ్లని నేను చూశాను, వాళ్లంతా పెళ్లి రోజే మొత్తం ఇచ్చేసినవాళ్లు.

ఇంకో మాట చాలామందికి తెలీదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కొన్ని స్టూడియోల వాళ్ల ఫారంలో కింద చిన్న అక్షరాల్లో హక్కులు స్టూడియోవే అని ఉంటుంది, సంతకం పెట్టే ముందు చదవండి. చెల్లి ఒప్పుకున్న ఫొటోలు మాత్రమే ఆయన తన పేజీలో పెట్టుకోవచ్చని మేం రాసుకున్నాం. ఆయనకి పెద్ద అభ్యంతరం లేదు.

పెళ్లికి ముందు ఆయన ఒకసారి ఇంటికొచ్చి పందిరి వేసే చోటు చూసుకున్నాడు. లైటింగ్ అబ్బాయిని పిలిపించి, మండపం చుట్టూ పెట్టే ఊదా, నీలం రంగు లైట్లు తెర పట్టుకున్న దగ్గర్నుంచి తలంబ్రాలు అయ్యేదాకా ఆపేయాలని, మామూలు తెల్ల వెలుగు పైనుంచి పడేలా రెండు లైట్లు పెట్టమని చెప్పాడు. ఈ రంగు లైట్లు మొహం మీద పడితే ఎంత మంచి కెమెరా అయినా ఏం చేయలేదట, పసుపు ఆకుపచ్చగా వస్తుందట. డెకరేషన్ వాళ్లకి కొంచెం కోపం వచ్చింది గానీ నాన్న గట్టిగా చెప్పేసరికి ఒప్పుకున్నారు. నన్ను ఇంకో పని చేయమన్నాడు. దగ్గరివాళ్లందరి పేర్లు, వరసలు, వీలైతే ఒక పాత ఫొటో పంపమన్నాడు. మామ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ, మేనత్తలు, ముగ్గురు మావయ్యలు, అందరివీ పంపించాను. పెళ్లి రోజు ఆ క్యాండిడ్ అబ్బాయి మా మామ్మని "మామ్మగారూ" అని పలకరించి, తమలపాకు చిలక చుట్టి తాంబూలం నోట్లో పెట్టుకుంటుంటే తీశాడు.

ఆ రాత్రి మాఘమాసం మంచు బాగా పట్టింది. పందిరి బయట నిలబడ్డవాళ్ల లెన్సుల మీద చెమ్మ పడుతుంటే మెత్తటి గుడ్డతో మాటిమాటికీ తుడుచుకున్నారు. ముహూర్తానికి పది నిమిషాల ముందు ఆయన వీడియో కుర్రాళ్లిద్దర్నీ కిందకి కూర్చోబెట్టేశాడు, వెనకున్న చుట్టాలకి మండపం కనపడాలని. ఇది నేను అడగలేదు. మన పెళ్లిళ్లలో కెమెరాల వీపులే చూసి అక్షింతలు గాల్లోకి విసిరేసి వెళ్లిపోతుంటారు జనం, మా ఇంట్లో అందరూ జీలకర్ర బెల్లం కళ్లారా చూశారు. పంతులుగారిని ఎవరూ ఆపలేదు. తెర దిగినప్పుడు చెల్లి ముందు మరిది మొహంలోకి చూసింది, తర్వాత ఒక్కసారి నాన్న వైపు చూసింది. ఆ రెండో చూపు ఒకే ఒక్క ఫొటోలో ఉంది, నాన్న వెనక నిలబడ్డ అబ్బాయి తీసింది. నాన్నకి కూడా ఆ చూపు సంగతి ఫొటో చూసేదాకా తెలీదు.

ఫొటోలు ఎంపిక చేయడం అనేది పెళ్లి పనులన్నిటిలోకీ పెద్ద పని, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వేలల్లో ఫొటోలొస్తాయి, ఆల్బమ్‌లో షీటుకి నాలుగైదు చొప్పున రెండొందల దాకా పడతాయి. మన వైపు ఆలస్యం అయితే ఆల్బమ్ ఆలస్యానికి వాళ్లనేం అనలేం. మేం ఉగాది లోపు ఇచ్చేశాం. అమ్మా పెద్దమ్మా ఒక పక్క, చెల్లీ మరిదీ ఇంకో పక్క కూర్చున్నారు. పెద్దవాళ్లు వచ్చిన చుట్టాలందరూ ఉండాలంటారు, పిల్లలు మంచి ఫొటోలే ఉండాలంటారు. చివరికి స్టేజీ మీద నిలబడి కానుకలిచ్చే ఫొటోలకి వేరే చిన్న పుస్తకం చేయించాం, పెద్ద ఆల్బమ్‌లో పెళ్లి మాత్రమే ఉంది. ముందే తెలిస్తే ఈ రెండో పుస్తకం రేటు కూడా మాట్లాడుకోవచ్చు. ఆల్బమ్ డిజైన్ ప్రింటుకి వెళ్లే ముందు ప్రతి పేజీ ఫోన్‌లో పంపించమనండి. మా దాంట్లో పెళ్లికొడుకు వాళ్ల ఇంటిపేరు తప్పు పడింది, అక్కడ పట్టుకుని మార్పించాం.

ఆల్బమ్ చెప్పిన నెలలోనే వచ్చింది, మిగతా డబ్బు అదే రోజు ఇచ్చేశాను. ఫైళ్లన్నీ ఆయన తన దగ్గర ఆరు నెలలే ఉంచుతానని ముందే చెప్పాడు, అందుకని పెన్‌డ్రైవ్ మీద ఆధారపడకుండా రెండు హార్డ్ డిస్కులు కొన్నాం. ఒకటి చెల్లి కాకినాడ తీసుకెళ్లింది, ఇంకొకటి మా దగ్గర ఉంది. రెండిట్లోనూ ఫోల్డర్లు తెరిచి, వీడియో మధ్యలో అక్కడక్కడ ప్లే చేసి చూసుకున్నాకే, ఇక మీరు తీసేయొచ్చండి అని ఆయనకి చెప్పాను.